ఆస్ఫిక్సియా: ఊపిరి ఆగినా నాడి ఆగదు

పోస్టుమార్టం నివేదిక చివర, మరణకారణం రాసే చోట, ఒక్కోసారి ఒకే ఒక్క ఆంగ్ల పదం కనిపిస్తుంది. ‘ఆస్ఫిక్సియా’. బావిలో పూడిక తీయబోయి ప్రాణాలు విడిచిన కూలీ నివేదికలో అదే పదం. చెరువులో మునిగిన విద్యార్థి నివేదికలోనూ అదే. పురిటిలోనే కన్నుమూసిన పసికందు ఆసుపత్రి కాగితాల్లో ‘బర్త్’ అన్న మాటను ముందు చేర్చుకుని మళ్లీ అదే పదం ప్రత్యక్షమవుతుంది. ఆ కాగితం చేతపట్టుకుని బంధువులు పోలీసు స్టేషనుకు, తహసీల్దారు కార్యాలయానికి, బీమా కార్యాలయానికి తిరుగుతుంటారు. అర్థమేమిటని అడిగితే ‘ఊపిరాడక పోయాడని రాశారు’ అన్న సమాధానం వస్తుంది.

అది తప్పు కాదు. పూర్తి సమాధానమూ కాదు. ఊపిరి ఎందుకు ఆడలేదు, ఆడనప్పుడు శరీరంలో ఏం జరిగింది, కాపాడేందుకు ఎంత వ్యవధి దొరికింది అన్న ప్రశ్నలు ఆ ఒక్క పదం వెనుక దాగి ఉన్నాయి. వాటికి జవాబు తెలియకపోవడం వల్లనే, ఒక్కరితో ఆగవలసిన ప్రమాదం ముగ్గురిని నలుగురిని వరుసగా బలిగొంటున్న సందర్భాలు పల్లెల్లో తరచూ వినవస్తున్నాయి.

పేరులోనే పొరపాటు

ఆస్ఫిక్సియా గ్రీకు భాష నుంచి వచ్చిన మాట. ‘స్ఫిక్సిస్’ అంటే నాడి కొట్టుకోవడం. దాని ముందు ‘అ’ చేరితే, మన ‘అశాంతి’, ‘అభయం’ వంటి మాటల్లో మాదిరిగానే, లేకపోవడం అన్న అర్థం వస్తుంది. అంటే ‘నాడి లేకపోవడం’ అన్నది ఆ పదానికి మూలార్థం. ప్రాచీన వైద్యులు నాడి చేతికి అందని స్థితిని ఈ పేరుతో పిలిచారు. 18వ శతాబ్దంలో ఐరోపా నగరాల్లో, నీట మునిగిన వారిని బతికించే ప్రయత్నాలు ముమ్మరమైన కాలంలో, ఊపిరాడక స్పృహ తప్పిన వారికి ఈ మాటను వర్తింపజేశారు. క్రమంగా అదే స్థిరపడింది.

వైద్యశాస్త్రం పురోగమించిన కొద్దీ ఈ పేరులోని పొరపాటు బయటపడింది. ఊపిరి ఆగిన మనిషికి నాడి వెంటనే ఆగిపోదు. శ్వాస నిలిచిన తర్వాత కూడా గుండె కొన్ని నిమిషాల పాటు కొట్టుకుంటూనే ఉంటుంది. పేరు ‘నాడి లేదు’ అంటోంది. వాస్తవంలో నాడి ఇంకా ఉంది. బావి గట్టున, చెరువు ఒడ్డున, ప్రసూతి బల్ల మీద మనిషిని బతికించడానికి దొరికే వ్యవధి సరిగ్గా ఆ కొద్ది నిమిషాలే. మెదడు బరువు శరీరంలో నూటికి రెండు పాళ్లు మాత్రమే అయినా, శరీరం వాడుకునే ప్రాణవాయువులో ఐదో వంతు దానికే కావాలి. దాచుకునే గాదె మెదడుకు లేదు. సరఫరా పూర్తిగా నిలిచిపోతే నాలుగైదు నిమిషాల్లోనే దాని కణాలు దెబ్బతినడం మొదలవుతుంది.

తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఆస్ఫిక్సియాకు ‘శ్వాసావరోధం’ అన్న మాట ఉంది. ఆక్సిజన్‌కు పాతతరం వారు ‘ఆమ్లజని’ అని చదువుకున్నారు. ఆమ్లాలన్నింటికీ ఈ వాయువే మూలమని భ్రమపడి ఫ్రెంచి శాస్త్రవేత్త లావోయిజే 1777 ప్రాంతంలో పెట్టిన పేరుకు అది అనువాదం. ఆ భావన తప్పని తర్వాత తేలినా పేరు మాత్రం నిలిచిపోయింది. జనం నోట ‘ప్రాణవాయువు’గా స్థిరపడిన మాట, నిఘంటువు మాట కన్నా నిజానికి ఎంతో దగ్గరగా ఉండటం విశేషం.

ఈ కుటుంబానికే చెందిన మరికొన్ని మాటలు కరోనా కాలంలో పత్రికల్లోకి, ఇళ్లలోకి వచ్చాయి. శరీర కణాలకు కావలసినంత ప్రాణవాయువు అందని స్థితి ‘హైపోక్సియా’. బొత్తిగా అందకపోతే ‘అనాక్సియా’. ఇక ఆస్ఫిక్సియాలో ప్రాణవాయువు తగ్గడంతో పాటు, బయటకు పోవలసిన బొగ్గుపులుసు వాయువు రక్తంలో పేరుకుపోవడం కూడా ఉంటుంది. అందువల్ల ఆస్ఫిక్సియాలో హైపోక్సియా తప్పనిసరిగా ఉంటుంది గానీ, హైపోక్సియా అంతా ఆస్ఫిక్సియా కాదు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించిన సంగతి విదితమే. అక్కడి గాలిలోనూ ప్రాణవాయువు పాలు మన ఊళ్లో ఉన్నట్టే నూటికి 21. అయితే గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోల్చితే మూడో వంతుకు పడిపోతుంది. ఊపిరితిత్తులు ఎంత పీల్చినా రక్తానికి చేరేది స్వల్పం. పర్వతారోహకులు వీపున సిలిండర్లు మోసుకెళ్లేది అందుకే. అది హైపోక్సియా. అక్కడ ఎవరూ గొంతు నొక్కలేదు, ముక్కు మూయలేదు.

శరీరం హెచ్చరించదు

ఊపిరి బిగబట్టి కొంతసేపు కూర్చుంటే గుండెలో ఒత్తిడి పెరిగి, ఇక తాళలేక ఒక్కసారిగా గాలి పీల్చుకుంటాం. ప్రాణవాయువు తగ్గినందువల్లనే ఆ బాధ కలిగిందని అందరూ అనుకుంటారు. వాస్తవం వేరు. ఆ బాధను పుట్టించేది ప్రధానంగా రక్తంలో పేరుకునే బొగ్గుపులుసు వాయువు. మెదడులోని శ్వాసకేంద్రం దానినే కొలుస్తూ ఉంటుంది. ప్రాణవాయువు తగ్గడాన్ని గుర్తించే ఏర్పాటు కూడా శరీరంలో ఉంది గానీ, అది బాగా తగ్గిన తర్వాత గానీ గట్టిగా పనిచేయదు.

దీని పర్యవసానం భయంకరమైనది. ప్రాణవాయువు లేని చోట కూడా మనిషి యథావిధిగా గాలి పీల్చి వదులుతూ ఉంటే, బొగ్గుపులుసు వాయువు బయటకు పోతూనే ఉంటుంది. ఊపిరాడని బాధ ఉండదు. గొంతు పట్టుకోవాలనిపించదు. కాళ్లలో సత్తువ పోవడం, తల తిరగడం, కూలిపోవడం. అంతే. గాలిలో ప్రాణవాయువు నూటికి 10 పాళ్లకు దిగితే స్పృహ తప్పుతుంది. ఆరు పాళ్ల కన్నా తక్కువైతే నిమిషాల్లో ప్రాణం పోతుంది. కేక వేసే వ్యవధి కూడా దొరకదు.

1875 ఏప్రిల్ 15న ఫ్రాన్స్‌లో ‘జెనిత్’ అనే బెలూన్‌లో ముగ్గురు పరిశోధకులు 8 వేల మీటర్లకు పైగా ఎగిరారు. ప్రాణవాయువు నింపిన సంచులు వారి వెంటే ఉన్నాయి. కిందికి దిగేసరికి ఇద్దరు విగతజీవులయ్యారు. ప్రాణాలతో బయటపడిన గాస్టన్ టిసాండియే, ఆ ఎత్తులో తనకు ఏ బాధా కలగలేదని, పైపెచ్చు మనసంతా ఆనందం నిండిందని తర్వాత వివరించాడు. సంచి గొట్టం నోట పెట్టుకోవాలనుకున్నా చేయి కదలలేదు. నూటయాభై ఏళ్ల కిందటి ఈ అనుభవమే 2020, 2021 సంవత్సరాల్లో కరోనా వార్డుల్లో వేరే రూపంలో కనిపించింది. వేలికి తగిలించిన పల్స్ ఆక్సీమీటరు 80 చూపుతున్నా కొందరు రోగులు మంచం మీద కూర్చుని ఫోనులో మాట్లాడుతూ ఉండేవారు. ఊపిరితిత్తులు బిరుసెక్కక ముందు బొగ్గుపులుసు వాయువు మామూలుగానే బయటకు పోవడం దీనికి ఒక కారణంగా వైద్యులు వివరించారు. 94 కన్నా తగ్గితే ఆయాసం లేకపోయినా ఆసుపత్రికి రావాలని అప్పట్లో పదే పదే చెప్పింది ఇందుకే. అదే 2021 మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి 11 మంది మరణించినట్లు అధికారులు ప్రకటించారు. సరఫరాకు ఆటంకం కలిగింది కొద్ది నిమిషాలు మాత్రమేనని వారు చెప్పారు.

బావిలో ఏముంటుంది?

ఏళ్ల తరబడి వాడని బావిలో ఆకులు, చెత్త, చచ్చిన జీవాలు కుళ్లుతూ ఉంటాయి. కుళ్లే ప్రతి పదార్థమూ ప్రాణవాయువును తినేసి బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. ఇది మామూలు గాలి కన్నా బరువైనది గనుక అడుగున తిష్ఠ వేస్తుంది. పైన గాలి వీస్తున్నా లోతైన బావిలో అది కదలదు. నీరు తోడేందుకు ఆయిల్ ఇంజన్‌ను బావి లోపలి అరుగు మీద పెట్టి నడిపితే, ఇంజన్ పొగతో పాటు ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్ కూడా అక్కడే నిండుతుంది. ఇంజన్ ఆగిపోయిందని చూడటానికి దిగిన రైతు తిరిగి పైకి రాకపోవడానికి కారణం ఇదే. ఇంజన్ ఆగిపోవడమే అక్కడి గాలి చెడిందనడానికి ఒక సూచన కావచ్చన్న ఆలోచన ఆ క్షణంలో ఎవరికీ రాదు.

ఈ ప్రమాదం మన పెద్దలకు తెలియనిది కాదు. జొన్నలు నిల్వచేసే పాతరలు తెలంగాణలో, రాయలసీమలో ఒకప్పుడు ఊరూరా ఉండేవి. నేలలో పూడ్చిన గింజ కూడా శ్వాసిస్తుంది. పాతరలోని ప్రాణవాయువును క్రమంగా హరించి వేస్తుంది. పురుగు పట్టకుండా గింజను కాపాడేది ఆ గాలే, పాతర తెరవగానే దిగిన మనిషిని చంపేదీ ఆ గాలే. అందుకే పాతర తీసిన వెంటనే లోపలికి దిగనిచ్చేవారు కాదు. కొంతసేపు తెరిచి ఉంచి, వెలిగించిన దీపాన్ని తాడుతో దించి చూసేవారు. దీపం కొండెక్కితే ఆగేవారు. బావి విషయంలోనూ ఇదే పద్ధతి. వేప మండలు తాడుకు కట్టి పైకీ కిందికీ ఆడించి గాలిని కదిలించడం కూడా కొన్ని చోట్ల ఉంది.

దీపం పరీక్ష తెలివైనదే, కానీ నేటి ప్రమాదాలకు చాలదు. ప్రాణవాయువు పాలు 16, 17కు దిగితే దీపం ఆరిపోతుంది. అయితే కార్బన్ మోనాక్సైడ్ గానీ, మురుగు గుంతలో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ గానీ మనిషిని చంపేంత ఉన్నా దీపం నిక్షేపంగా వెలుగుతూనే ఉంటుంది. మీథేన్ ఉంటే ఆ దీపమే పేలుడుకు కారణమవుతుంది. సెప్టిక్ ట్యాంకులో దీపం దించడమంటే మరో ప్రమాదాన్ని కొని తెచ్చుకోవడమే.

హైడ్రోజన్ సల్ఫైడ్‌ది మరో మాయ. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. ఎక్కువైతే ముక్కులోని నాడులనే మొద్దుబారుస్తుంది. ‘ఇందాకటి వాసన పోయింది, ఇక దిగొచ్చు’ అనుకునే సమయానికి గాలి మరింత విషపూరితమై ఉండవచ్చు. అడుగున పేరుకున్న మడ్డిని కర్రతో కదిలించగానే వాయువు ఒక్కసారిగా పైకి లేస్తుంది. 2018 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా పలమనేరు సమీపంలోని ఒక కోళ్ల హేచరీలో మురుగు ట్యాంకు శుభ్రం చేసే పనిలో ఏడుగురు మరణించిన సంఘటన పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

ఇటువంటి సంఘటనల్లో దాదాపు ఒకే క్రమం కనిపిస్తుంది. మొదటివాడు దిగి కూలిపోతాడు. కాలు జారి పడ్డాడనో, కరెంటు కొట్టిందనో భావించి తమ్ముడు దిగుతాడు. ఆ తర్వాత పక్క చేని రైతు. అమెరికాలోని వృత్తి భద్రత, ఆరోగ్య పరిశోధన సంస్థ ‘నియోష్’ 1986లో జారీ చేసిన హెచ్చరికలో, ఇరుకైన మూసిన ప్రదేశాల్లో సంభవిస్తున్న మరణాల్లో 60 శాతానికి పైగా కాపాడబోయిన వారివేనని పేర్కొంది. అక్కడా ఇక్కడా మానవ స్వభావం ఒక్కటే. కళ్ల ముందు అన్న పడిపోతే గట్టున నిలబడి ఉండటం ఏ తమ్ముడికీ సాధ్యం కాదు. అతడిని ఆపవలసింది ధైర్యం లేకపోవడం కాదు, ముందుగానే నడుముకు కట్టిన తాడు. దిగే మనిషికి పట్టీ, తాడు కట్టి, దాని కొస గట్టున ఇద్దరి చేతుల్లో ఉంటే, పడిపోయిన వాడిని దిగకుండానే పైకి లాగవచ్చు. తాడు లేకుండా దిగిన వాడు పడిపోతే, 101కు ఫోన్ చేసి, గాలి సిలిండర్లు ధరించే అగ్నిమాపక సిబ్బందిని రప్పించడం, ఈలోగా బ్లోయరు గొట్టంతో అడుగుదాకా గాలి కొట్టించడం మినహా మరో మార్గం లేదు. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని దిగడం వల్ల ఒరిగేదేమీ లేదు. లేని ప్రాణవాయువును తువ్వాలు తేలేదు.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న కర్మాగారాల చట్టం 1948లోని 36వ సెక్షన్, వాయువులు పోయాయని అర్హుడైన వ్యక్తి పరీక్షించి ధ్రువీకరించనిదే, లేదా శ్వాస పరికరం, తాడుతో కూడిన పట్టీ ధరించనిదే, ఇటువంటి ప్రదేశాల్లోకి ఎవరినీ దించరాదని చెప్పేది. ఆ నిబంధన కర్మాగారానికే. చేలోని బావికి ధ్రువీకరించే వారు ఎవరూ లేరు.

పైకి తీసిన తర్వాత చేయవలసింది కూడా ఆస్ఫిక్సియా అర్థం నుంచే వస్తుంది. లోపించింది ప్రాణవాయువు గనుక ముందుగా అందించవలసింది ఊపిరి. నీట మునిగిన వారిని తలకిందులుగా వేలాడదీసి తిప్పడం, కడుపు నొక్కి నీళ్లు కక్కించడం నేటికీ చెరువు గట్ల మీద జరుగుతున్నాయి. ఆ నిమిషాలే నాడి ఇంకా ఉన్న నిమిషాలు. వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి నోట్లోకి ఊపిరి ఊదడం, స్పందన లేకపోతే 30 సార్లు రొమ్ము నొక్కి రెండు సార్లు ఊపిరి ఊదడం, 108 వచ్చేదాకా దీనిని ఆపకుండా కొనసాగించడం సరైన విధానం. విషవాయువుకు గురైన వారి విషయంలో మాత్రం నోటితో ఊదడం ఊదేవారికీ ప్రమాదకరం. అంబులెన్సుల్లో ఉండే సంచి, మాస్కు వాడాలి.

నెత్తురు ఎర్రగానే ఉంది, అయినా...

ప్రాణవాయువు అందక మరణించిన వారి పెదవులు, గోళ్లు నీలంగా మారతాయని చాలామందికి తెలుసు. అలా మారకుండా సంభవించే మరణాలూ ఉన్నాయి. 2018 జూలై 12న అనంతపురం జిల్లా తాడిపత్రిలోని ఒక ఉక్కు కర్మాగారంలో కార్బన్ మోనాక్సైడ్ లీకై ఆరుగురు మరణించారు. రంగు, వాసన లేని ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు మించిన పట్టుతో అంటిపెట్టుకుంటుంది. గాలిలో ప్రాణవాయువు 21 పాళ్లు ఉన్నా, ఊపిరితిత్తులు బాగున్నా, మోసుకెళ్లే బండ్లన్నీ వేరే సరుకుతో నిండిపోయినట్లే. శరీరం నీలం కాకుండా ఎర్రగా కనిపిస్తుంది. పల్స్ ఆక్సీమీటరు కూడా మోసపోయి 98 చూపుతుంది. చలికాలంలో తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని నిద్రించిన వారిని, షట్టరు దించిన దుకాణంలో జనరేటరు నడిపిన వారిని చంపేది ఇదే. అటువంటి రోగి వేలికి ఆక్సీమీటరు పెట్టి ‘ఆక్సిజన్ బాగానే ఉంది’ అని ఇంటికి పంపడం పొరపాటు అవుతుంది.

బ్రిటన్‌కు చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త జోసెఫ్ బార్‌క్రాఫ్ట్ 1920లో ఈ లేమిని మూడు రకాలుగా విడదీశాడు. రక్తానికే ప్రాణవాయువు అందకపోవడం, అందినా మోసే శక్తి రక్తానికి లేకపోవడం, రక్తప్రవాహమే మందగించడం. తీవ్రమైన రక్తహీనతతో బాధపడే గర్భిణి నాలుగు మెట్లు ఎక్కగానే ఆయాసపడటం రెండో కోవలోకి వస్తుంది. తర్వాతి శాస్త్రవేత్తలు నాలుగో రకాన్ని చేర్చారు. అదేమిటో ఏ రైతునడిగినా చెబుతాడు, పేరు మాత్రం వేరుగా చెబుతాడు. అదే ‘నాము’.

వర్షాభావంతో గిడసబారిన లేత జొన్నలో, కోసిన మోళ్ల నుంచి వచ్చిన పిలకల్లో సైనైడును విడుదల చేసే పదార్థం ఎక్కువగా ఉంటుంది. ఆకలితో ఉన్న పశువు దానిని మేస్తే కొద్ది నిమిషాల్లోనే వణుకుతూ కూలబడుతుంది. దాని రక్తం కోసి చూస్తే చక్కని ఎరుపు. ప్రాణవాయువు రక్తంలో పుష్కలంగా ఉంది. కణం గడప దాకా చేరింది. కణం లోపల దానిని వాడుకునే యంత్రాన్ని సైనైడు బంధించింది. ముందు విస్తరి ఉన్నా చేయి కట్టేసినట్లు. పశువైద్యుడు సకాలంలో చేరి సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ నరానికి ఎక్కిస్తే లేచి నిలబడే అవకాశం ఉంది. బెట్టకు వచ్చిన జొన్న చేలోకి ఆకలితో ఉన్న మందను తోలరాదన్న పశుపోషకుల కట్టడి వెనుక ఉన్న శాస్త్రం ఇదే.

ఏడవని బిడ్డ

పుట్టగానే బిడ్డ ఏడవకపోతే ప్రసూతి గది నిశ్శబ్దమవుతుంది. గర్భంలో ఉన్నంతకాలం మాయ ద్వారా అందిన ప్రాణవాయువు బొడ్డుతాడుతో ఆగిపోతుంది. ఊపిరితిత్తులు ఆ క్షణం నుంచి పని మొదలుపెట్టాలి. అప్పటికే కాన్పు ఆలస్యమై గానీ, బొడ్డుతాడు ఒత్తుకుని గానీ, మాయ ముందే విడివడి గానీ ప్రాణవాయువు తగ్గి ఉంటే ఆ పని మొదలుకాదు. దీనినే ‘బర్త్ ఆస్ఫిక్సియా’ అంటారు. నవజాత శిశువుల్లో నూటికి పది మంది వరకు తొలి ఊపిరికి ఎంతో కొంత సాయం అవసరమవుతుందని, వారిలో అత్యధికులకు ఒళ్లు తుడిచి, వెచ్చగా ఉంచి, వీపు నిమిరితే సరిపోతుందని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. అప్పటికీ ఊపిరి తీయకపోతే తొలి నిమిషంలోనే సంచి, మాస్కుతో గాలి అందించాలి. దీనికి ‘బంగారు నిమిషం’ అని పేరు.

ఇక్కడ కూడా నాడి ఆగి ఉండదు. నెమ్మదిగా కొట్టుకుంటూ ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి గాలి వెళ్లగానే అది పుంజుకోవడం చూసి బిడ్డ దక్కుతుందని తెలుసుకుంటారు. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయడం, గట్టిగా చరచడం, చన్నీళ్లు చల్లడం, ముక్కులో ఉల్లిరసం పిండటం వంటివి ఆ నిమిషాన్ని వృథా చేయడమే కాక హాని చేస్తాయి. కేంద్ర ప్రభుత్వం 2009లో ‘నవజాత శిశు సురక్షా కార్యక్రమం’ ప్రారంభించి, కాన్పులు చేసే సిబ్బందికి ఈ విద్యలో తర్ఫీదు ఇప్పించింది. అంతకుముందే, ప్రాణహిత నదికి ఆవల ఉన్న మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు, కొద్దిపాటి చదువు ఉన్న గ్రామ మహిళలకు సంచి, మాస్కు వాడకం నేర్పి, ఇంటి కాన్పుల్లో సైతం ఈ మరణాలను తగ్గించవచ్చని చూపించారు.

బతికిన బిడ్డల్లో కొందరికి మూర్ఛలు, మెదడు పక్షవాతం, ఎదుగుదలలో జాప్యం మిగులుతాయి. డిశ్చార్జి కాగితంలో ‘బర్త్ ఆస్ఫిక్సియా’ అని చూసి, గ్రహణం రోజు తల్లి బయటకు వచ్చిందని, నొప్పులు ఓర్చుకోలేకపోయిందని నిందించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ మాటలో తల్లి తప్పు ఎక్కడా లేదు. అలాగే ఆలస్యంగా ఏడ్చిన ప్రతి బిడ్డకూ మెదడు దెబ్బతిన్నట్లు కాదు. అమెరికా వైద్యురాలు వర్జీనియా ఆప్గార్ 1952లో రూపొందించిన మార్కుల పద్ధతిలో మొదటి నిమిషంలో తక్కువ వచ్చినా, ఐదో నిమిషానికి కోలుకునే వారు ఎక్కువ మంది. ఆ రెండు అంకెలూ కేస్ షీటులో నమోదై ఉంటాయి. వాటిని అడిగి తెలుసుకోవడానికి తల్లిదండ్రులకు హక్కు ఉంది. తర్వాతి నెలల్లో బిడ్డ తల నిలపడం, బోర్లాపడటం ఆలస్యమైతే జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రాల్లో చూపించవలసి ఉంటుంది.

‘డ్యూ టు’ తర్వాత ఏముంది?

మళ్లీ ఆ నివేదిక దగ్గరికి వస్తే, ఆస్ఫిక్సియా అన్నది మరణం సంభవించిన తీరును మాత్రమే చెబుతుంది. ఎందువల్ల సంభవించిందన్నది దాని తర్వాత రాసే ‘డ్యూ టు’ అన్న మాట వెనుక ఉంటుంది. మునక వల్ల, మెడకు బిగింపు వల్ల, గొంతులో ఆహారం అడ్డుపడటం వల్ల, విషవాయువు వల్ల. కుటుంబానికి దక్కవలసిన పరిహారం, బాధ్యులపై పెట్టవలసిన సెక్షన్లు, బీమా సంస్థ వేసే ప్రశ్నలు అన్నీ ఆ రెండో భాగం మీదే ఆధారపడి ఉంటాయి. ఊపిరితిత్తులు ఉబ్బి ఉండటం, చిన్న చిన్న రక్తపు చుక్కలు కనిపించడం, ముఖం నీలం కావడం వంటి గుర్తులు అనేక రకాల మరణాల్లో ఒకేలా ఉంటాయి. వాటినిబట్టి మాత్రమే కారణాన్ని తేల్చడం కష్టమని ఫోరెన్సిక్ నిపుణులు కూడా అంగీకరిస్తారు. అందుకే ఒక్కోసారి అంతర్భాగాలను, రక్తాన్ని ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపి, ఫలితం వచ్చేదాకా అభిప్రాయాన్ని వాయిదా వేస్తారు.

మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల్లో రక్షణ లేకుండా మనుషులను దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. ఉల్లంఘించిన వారికి మొదటిసారి రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మరణించిన వారి కుటుంబానికి 10 లక్షల రూపాయలు చెల్లించాలని 2014 మార్చి 27న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023 అక్టోబరు 20న ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. వ్యవసాయ బావిలో మరణించిన కూలీకి ఈ తీర్పు వర్తించదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. కారణమైన గాలిని శవపరీక్ష బల్ల మీద కొలవడం సాధ్యం కాదు. కార్బన్ మోనాక్సైడ్ అయితే రక్తంలో ఆనవాలు మిగులుతుంది. ప్రాణవాయువు లేక, బొగ్గుపులుసు వాయువు నిండి సంభవించిన మరణంలో చెప్పుకోదగ్గ గుర్తు శరీరంలో మిగలదు. సంఘటన జరిగిన పూటే, మూత తీసి గాలి కలవక ముందే, అగ్నిమాపక సిబ్బంది గానీ కర్మాగారాల తనిఖీ అధికారులు గానీ గ్యాస్ డిటెక్టరు దించి అంకెలు నమోదు చేస్తే, అవి పంచనామాలో చేరితే, ‘డ్యూ టు’ తర్వాత రాయడానికి వైద్యుడికి ఆధారం ఉంటుంది. సాధారణంగా జరుగుతున్నది వేరు. శవాలు తీసేందుకు రాత్రంతా మోటార్లు, బ్లోయర్లు నడుస్తాయి. తెల్లవారి పంచనామాకు అధికారులు వచ్చేసరికి బావిలో మంచి గాలి ఉంటుంది.